పానకమునకు పాళ్ళెన్ని?

శ్రీరామనవమినాడు మా వీధిలో ఏడిండ్ల పానకము త్రాగితిమి. ఏడును పానకములే. ఒక యింట మిరియపు ఘాటు ముక్కున కెక్కినది. మరియొక యింట ఏలకి తప్ప వేరు రుచి తోచలేదు. ఇంకొక యింట శొంఠి పాలు హెచ్చి అది పానకమో, జలుబునకు కాచిన కషాయమో తెలియలేదు. ఒకరు నిమ్మపండు పిండిరి. ఒకరు తులసిదళముతో సరిపెట్టిరి. ఏడుగురు ఇల్లాండ్రను "బెల్లమెంత, నీరెంత?" అని యడిగితిమి. రుచులు ఏడైనను సమాధాన మొక్కటియే వచ్చినది: "చాలినంత."

ఈ "చాలినంత" అను మాటతో మాకు రెండేండ్లుగా పోరు నడచుచున్నది. ఆ పోరు సంగతియే నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాము.

మేమనగా నలుగురము. ఒకరు బడిలో రసాయనశాస్త్రము చెప్పి విరమించినవారు. ఒకరు వంటలో చేయి తిరిగినవారు. ఒకరి దస్తూరి ముత్యాల కోవ. నాల్గవవారికి ఈ మూడును లేవు గాని, వారి అత్తగారి పుస్తకమే మా పనికి మూలమైనది. ఆ అత్తగారిది నంద్యాల. నన్నారి షర్బతు చేయుటలో ఆమెకు ఆమెయే సాటి. వేసవి సెలవులలో ఆ యింట అడుగు పెట్టిన పిల్ల లందరు మొదట అడుగునది ఆ షర్బతు. ఆమె గతించిన పిదప అలమారులో ఒక సీసా మిగిలినది. దానిని చెంచాలతో కొలుచుకొనుచు ఒక వేసవి గడపిరి. అదియు ఐపోయినది. అప్పుడు ఆమె పుస్తకము తీసి చూడగా, పాల లెక్కలకును చాకలి పద్దులకును నడుమ రెండు పంక్తులు కనబడెను: వేళ్ళు రెండు పిడికిళ్ళు, చక్కెర నాలుగు సోలలు, నీళ్ళు చాలినన్ని. అంతే. కాచవలెనా, నానవేయవలెనా, ఎంతసేపు, నిమ్మరస మెప్పుడు, ఇవేవియు లేవు. వ్రాసిన యామెకు అవి తెలియును గనుక వ్రాయలేదు.

ఆ పుస్తకము చూచిన నాడే, ఇండ్లలో చేసికొను పానీయముల నన్నింటిని ఒక చిట్టాగా కూర్చవలెనని సంకల్పించితిమి. పానకము, నీరుమజ్జిగ, అంబలి, తరవాణి, షర్బతులు, శొంఠి కాఫీ, ధనియాల కాఫీ, వానికి వాసన కట్టు వట్టివేరు, దబ్బాకు, ఏలకి, సుగంధి, ఇవన్నియు అందులో చేరును. కల్లు చేర్చలేదు. అది ఇంటిలో మనము చేయునది కాదు, చెట్టు చేయునది.

ప్రతి పుటలోను ఆరు సంగతులు ఉండి తీరవలెనని నియమము పెట్టుకొంటిమి: ఏ ఊరిది, ఎవరి చేతిది, పాళ్ళెంత, వరుస యేది, ఎన్నాళ్ళు నిలుచును, ఎచ్చట చెడును. ఈ కడపటి దానిని మాకు తెలిసిన వంటపుస్తకములు సామాన్యముగా విడిచిపెట్టును. చేసిన వంట కుదిరిన తీరు అందరును చెప్పుదురు. చెడిన తీరు చెప్పిన పుస్తకమే నిజమునకు వంట నేర్పునని మా అభిప్రాయము.

మొదటి చిక్కు కొలతలతో వచ్చినది. మన పెద్దలకు కొలతలు లేవనుట తప్పు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచము. ఇంతకంటె చక్కని లెక్క యేది? ఒక్కసారి సోల తప్ప తక్కిన దంతయు రెట్టింపే గదా. అయితే కుంచము ఊరూరికి మారెడిది. ఆ కుంచముతో పాటు క్రింది సోలయు గిద్దయు మారినవి. తూకము మాటయు అంతే. మద్రాసు రాజధానిలో నుండిన మన జిల్లాలలో సేరన్నచో 24 తులములు. అట్టి అయిదు సేరులు ఒక వీశె. తెలంగాణమున పక్కా సేరన్నచో 80 తులములు. తులము సుమారు పదకొండున్నర గ్రాములకు కొంచెము పైన. లెక్క కట్టినచో ఒక సేరు 280 గ్రాములు, మరియొక సేరు 933 గ్రాములు. గుంటూరు అమ్మమ్మ వ్రాసిన "సేరు బెల్లము" ను వరంగల్లు మనుమరాలు పక్కా సేరుగా చదివినదనుకొనుడు. ఆ పానకమునకు చీమలు తప్ప వేరెవరు రాగలరు?

1956లో చట్టము వచ్చి, 1958 అక్టోబరు నుండి అంచెలంచెలుగా దేశమంతట కిలోలు, లీటరులు నడకలోనికి వచ్చినవి. అంగడిలో సోల పోయినది. వంటింటిలో మాత్రము ఆ ఇత్తడి సోల అచ్చటనే నిలిచినది. గ్లాసు అను నొక క్రొత్త కొలత వచ్చి చేరినది. ఏ గ్లాసు? కాఫీ గ్లాసా, మంచినీళ్ళ గ్లాసా, పెండ్లిలో కట్నముగా వచ్చిన వెండి గ్లాసా? ఒకరి యింట మేము కొలిచి చూడగా, ఒకే అలమారులో ఐదు విధములైన గ్లాసు లుండినవి. ఇల్లాలికి మాత్రము గ్లాసన్న ఒకటే. మిగిలిన నాలుగును ఆమె లెక్కలో గ్లాసులే కావు.

పిడికిలి సంగతి వేరు. గుంటూరు వైపు ఒక పెద్దమ్మగారు ఏటేట శ్రీరామనవమికి వీధి వీధికంతకు పానకము కలుపుదురు. కొలత యడిగితే నవ్విరి. "నా చేతికి తెలుసమ్మా, నాకు తెలీదు" అనిరి. ఆ మాట మాకు తగిలినది. చేతికి తెలిసినదానిని చేతినే యడుగవలెను గదా. మరునాడు తూకపు యంత్రము తీసికొని పోయి, ఆమె తురిమిన బెల్లమును పిడికిట పట్టి బిందెలో వేయబోవు సమయమున బిందె కడ్డముగా పళ్ళెము పట్టితిమి. ఆమెకు కోపము వచ్చినది. "పానకానికి దిష్టి తగులుతుంది" అనిరి. అయినను వేసిరి. మొదటి పిడికిలి 68 గ్రాములు, రెండవది 71, మూడవది 69. మేమును పట్టి చూచితిమి. మా పిడికిళ్ళు 48 మొదలు 80 వరకు నానావిధములుగా తూగినవి. ఆమె చేయి అరువదేండ్లుగా నడచిన త్రాసు అని అప్పుడు తెలిసినది. మూడు పిడికిళ్ళకు ఒక లీటరు నీరు, అరచెంచా మిరియపు పొడి, నాలుగు ఏలకులు, చిటికెడు శొంఠి. మిరియాలు దంచవలెనే గాని మెత్తగా విసరరాదు; విసరినచో పానకము గొంతున మండును గాని కమ్మగా నుండదు. బెల్లమును నీట కరగనిచ్చి వడకట్టిన పిదపనే తక్కినవి చేర్చవలెను. ఇది మా చిట్టాలో మొదటి పుట. ఆమె పేరు వ్రాయుట కామె యొప్పుకొనలేదు. పళ్ళెము పట్టిన సంగతి మాత్రము వ్రాయుడనిరి.

మంగళగిరి కొండమీద పానకాలస్వామికి పోసిన పానకములో సగము స్వామి గ్రహించి సగము ప్రసాదముగా విడిచిపెట్టునని భక్తుల నమ్మకము. ఆ కొలత జోలికి మేము పోలేదు.

రెండవ చిక్కు పేర్లది. ఇది కొలతల కంటె లోతైనది. ఉగాది పచ్చడి అన్నచో కోస్తాజిల్లాల వారు అరచేతిలో వేసికొని నాకుదురు. తెలంగాణమున అనేకుల యిండ్లలో అది కొత్తకుండలో పలుచగా కలిపి గ్లాసులతో త్రాగు పానీయము. పేరొక్కటే, పండుగ యొక్కటే. ఒకరికి పచ్చడి, ఒకరికి పానకము. మా చిట్టాలో దీనిని చేర్చవలెనా వద్దా యని మేము ఒక మధ్యాహ్నమంతయు వాదించుకొంటిమి. చేర్చితిమి. మాలో కృష్ణాజిల్లా వారు ఇప్పటికిని సమ్మతింపలేదు.

సబ్జాగింజలన్నచో పట్టణములో నందరికి తెలియును. నీట వేసిన కొలది సేపటిలో చుట్టును జిగురు పట్టి ఉబ్బును. అవి రుద్రజడ గింజలని చెప్పినచో పెరటిలో ఆ మొక్క నుంచుకొని అంగడిలో గింజలు కొనువారు ఆశ్చర్యపడిరి.

సుగంధి వేరు కథ ఇంతకంటె గడ్డుది. సుగంధిపాల, నన్నారి అని మనము పిలుచునది సన్నని వేళ్ళు గల తీగ. వేరు పెన్సిలు కంటె లావుండుట అరుదు. పై బెరడు గోధుమరంగు, లోపలి ఈనె గట్టి కట్టె. సువాసన యంతయు బెరడులోనే. ఇదే వాసన గల వేరొక తీగ మన కొండలలో నున్నది. దాని వేళ్ళు ముల్లంగివలె లావై కండ కలిగి యుండును. వానిని మారెడు గడ్డలనియు, నన్నారి కొమ్ములనియు పిలుతురు, ఊరగాయ పెట్టుదురు. రెండింటను వాసన నిచ్చు పదార్థ మొక్కటియే. మా రసాయనశాస్త్రము వారు చెప్పినదేమనగా, వనిల్లా వాసనకు కారణమగు వనిలినునకు ఇది తోబుట్టువు వంటిది. అణువులో పరమాణువులు అవే, లెక్కయు అంతే, కూర్పు మాత్రము వేరు. కావుననే నన్నారి మూత తీసినంతనే ఐస్‌క్రీము జ్ఞప్తికి వచ్చును.

వాసన ఒక్కటైనప్పుడు అంగడివాడు ఏది దొరికిన అది ఇచ్చును. మనకు తేడా తెలియదు. అడవికి తెలియును. లావు గడ్డలు గల ఆ తీగ దక్షిణభారతమున తప్ప మరెచ్చటను పుట్టదు. గడ్డకోసము త్రవ్వినచో తీగ చచ్చును. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘము వారు దానిని అంతరించు ప్రమాదమున నున్న మొక్కలలో లెక్కించినారు. మేము షర్బతు పాళ్ళు వ్రాసి నలుగురికి పంచినచో, ఆ నలుగురును నలువది మందికి చెప్పినచో, ఏ కొండమీదనో ఒక తీగకు ముప్పు గలదు. ఇది మేము మొదట నూహించినది కాదు. కావున ఆ పుటపైన సన్నని వేరు బొమ్మయు లావు గడ్డ బొమ్మయు ప్రక్కప్రక్కన గీసి, సన్నని దానినే వాడుడని, కుండీలో పెంచుకొనుట మేలని వ్రాసితిమి. సుగంధి తీగ కుండీలో పెరుగును. ఆకు సన్నము, నడుమ తెల్లని చార. త్వరగా పెరుగదు; ఓపిక కావలెను.

ఇక షర్బతు. నంద్యాల పుస్తకములోని రెండు పంక్తులతో మేము నాలుగు పర్యాయములు ప్రయత్నించితిమి. మొదటి పర్యాయము వేళ్ళను గంటసేపు మూతలేని గిన్నెలో కాచితిమి. ఇల్లంతయు ఘుమఘుమలాడినది. వీధిలో పోవువారు నిలిచి "ఏం చేస్తున్నారండీ?" అని యడిగిరి. చల్లార్చి రుచి చూడగా ఎఱ్ఱని తీపినీరు తప్ప మరేమియు లేదు. మా రసాయనశాస్త్రము వారు నెత్తి కొట్టుకొనిరి. ఆ వాసనపదార్థము ఆవిరితో లేచిపోవునట! సీసాలో నుండవలసినది వీధిపాలైనది. నాటి నుండి మా చిట్టాలో నొక మాట వ్రాసికొంటిమి: వంటింట వాసన వచ్చినదన్నచో గిన్నెలో తగ్గినదని తెలియుము.

రెండవ పర్యాయము వేళ్ళను నలుగగొట్టి, ఈనె తీసివేసి, బెరడు మాత్రము చన్నీట నానవేసితిమి. వాసన నిలిచినది గాని పలుచన. మూడవ పర్యాయము బెరడుపై సలసల కాగిన నీరు పోసి, వెంటనే మూత బెట్టి, గుడ్డ చుట్టి, తెల్లవారువరకు కదల్చలేదు. అది కుదిరినది. తేరిన నీటిని వడకట్టి, అందు చక్కెర వేసి, కరగుటకు వలసినంత వెచ్చజేసి, కాగనీయక దింపి, నిమ్మరసము పిండితిమి. నిమ్మరసము రుచికి మాత్రమే కాదు. పులుపు తగిలిన చక్కెర మరల పలుకులు కట్టక నిలుచును.

ఇట చక్కెర పాలు విషయమై మాకు తగిన శాస్తి జరిగినది. ఆరోగ్యము పేరు చెప్పి, అరలీటరు నీటికి అరకిలో చక్కెర చాలునని మాలో నొకరు పట్టుబట్టిరి. సీసాలలో పోసి బిగించి అటకపై పెట్టితిమి. ఆషాఢమున నొక అర్ధరాత్రి అటకపై తుపాకి ప్రేలినట్లు చప్పుడైనది. దొంగలని లేచితిమి. చూడగా సీసా బిరడా దూలమునకు తగిలి క్రింద పడియున్నది, గోడనిండ షర్బతు, మిగిలిన సీసాలలో నురుగు. పులిసినది. పాకము నిలువయుండవలెనన్నచో నూరు పాళ్ళలో సుమారు 65 పాళ్ళు చక్కెర యుండవలెను. అప్పుడు సూక్ష్మజీవులకు నీరందదు. తూకమున ఒక పాలు నీటికి రెండు పాళ్ళు చక్కెర వేసిన ఈ లెక్క సరిపోవును: అరలీటరు నీటికి ఒక కిలో. అంత తీపి వలదనువారు తక్కువ చక్కెరతో కొంచెముగా చేసి, చల్లని పెట్టెలో పెట్టుకొని వారము పదిరోజులలో త్రాగి వేయుట మంచిది. మధుమేహము గలవారి మాట వేరు. వారికి ఈ పుట కాదు, నీరుమజ్జిగ పుట చూపుచున్నాము.

నీరుమజ్జిగ పుట మా చిట్టాలో మిక్కిలి పెద్దది. ఇంటింటికి దాని మార్గము దానిదే. అల్లము, పచ్చిమిర్చి, కరివేపాకు అందరికిని సామాన్యము. ఇంగువ కొందరికే. గోదావరి వైపు దబ్బాకు నలిపి వేయుదురు. దబ్బాకు దొరకనిచోట నిమ్మాకు. ఆకును నలుపవలెనే గాని నూరరాదు. నూరినచో చేదు దిగును. చలివేంద్రములలో మజ్జిగ కలుపు వారొకరు మాకు చెప్పిన యుపాయ మిది: ఉప్పును, నూరిన అల్లమును తొలుత కొంచెము నీట కలిపి, వడకట్టి, ఆ నీటినే మజ్జిగలో పోయవలెను. పిప్పి పంటికి తగులదు, ప్రతి గ్లాసునకు రుచి సమముగా వచ్చును. వేయిమందికి పోసిన చేయి చెప్పిన మాట గనుక మారుమాటాడక వ్రాసికొంటిమి.

రాయలవారి ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వేసవిలో అతిథులకు పెట్టిన భోజనము శ్రోతలలో ననేకులకు తెలిసినదే. అందు పలుచని అంబలి గలదు, చెఱకురసము గలదు, కొబ్బరినీరు గలదు, సువాసన కట్టిన చల్లనినీరును, నీరుమజ్జిగయు గలవు. అయిదువందల యేండ్ల క్రిందటి ఆ పట్టిక నేడు మన యింట వేసవికిని సరిపోవును. చిట్టా వ్రాయుచున్నవారి కన్నులతో చదివిన మాకు మాత్రము ఒక కొరత తోచినది. ఆ చల్లనినీటికి వాసన కట్టినది వట్టివేరా, పాదిరిపువ్వా, కర్పూరమా? రాయలవారు చెప్పలేదు. వారి వంటవాని నడిగియుండినచో వాడును "చాలినంత" అనియే యుండును.

పుటలన్నింటిలోను ఒక్క పుట మాత్రము మేము ఎఱ్ఱసిరాతో వ్రాసితిమి. అది విరేచనములైనప్పుడు ఇచ్చు ఉప్పు చక్కెర నీటి పుట. పానకమున పిడికెడు తప్పిన రుచి చెడును. దీనిలో చెంచా తప్పిన పసిబిడ్డకు ప్రమాదము. మాకు వచ్చిన ఉత్తరములలో నొకదానిలో "గ్లాసు నీటికి చెంచా ఉప్పు, చారెడు చక్కెర" అని యుండినది. వ్రాసినవారు మంచి మనస్సుతో వ్రాసిరి. ఏ గ్లాసు, ఏ చెంచా, చెంచా తలకొట్టియా, గోపురముగానా? ఆ లెక్కకు చేసినచో ఉప్పు హెచ్చి, దాహము తీర్చవలసిన నీరే ఒంటిలోని నీటిని లాగివేయును. సరియైన పాళ్ళివి: కాచి చల్లార్చిన ఒక లీటరు నీరు, తలకొట్టిన ఆరు టీచెంచాల చక్కెర, తలకొట్టిన అరటీచెంచా మెత్తని ఉప్పు. మందుల అంగడిలోను ఆరోగ్యకేంద్రములోను పొట్లము దొరికినచో అదియే ఉత్తమము. పొట్లముపై ఎంత నీరన్న అంతయే పోయవలెను, హెచ్చు కాదు, తగ్గు కాదు. కలిపిన నీరు ఒక దినము దాటనీయరాదు. బిడ్డ వాడిపోవుచున్నను, త్రాగినది నిలువకున్నను వెంటనే వైద్యుని కడకు కొనిపోవలెను.

ఈ సామాన్యపు నీటికి గల చరిత్ర యెట్టిదో కొంచెము చెప్పుదుము. 1971లో తూర్పుబెంగాలు నుండి వచ్చిన కాందిశీకుల శిబిరములలో కలరా వ్యాపించినది. బన్‌గాఁవ్ వద్ద నరములకెక్కించు సెలైను సీసాలు నిండుకొన్నవి. డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పును, గ్లూకోజును, సోడాను తూచి పొట్లములు కట్టించి, నీటిలో కలిపి, రోగుల బంధువుల చేతనే త్రాగించెను. నూటికి 30 వరకున్న మరణములు నాలుగునకు లోపుగా దిగినవి. తూచి కట్టిన పొట్లము! ఆ శిబిరమున ఎవరైనను "చాలినంత" అని యుండినచో ఏమగునో ఊహింపుడు. ఉత్తరము వ్రాసినవారికి సరియైన పాళ్ళు తెలిపి జాబు వ్రాసితిమి. వారు నొచ్చుకొనలేదు. తమ ఊరిలో నలుగురికి చెప్పితిమని మరల వ్రాసిరి.

అంబలి పుట త్వరగానే కుదిరినది. రాగిపిండిని రాత్రి నీట కలిపి పులియనిచ్చి, ఉదయము ఉడికించి, చల్లార్చి, మజ్జిగయు ఉప్పును చేర్చి, ఉల్లిపాయ నంజుకొనుచు త్రాగుట. నూరు గ్రాముల రాగిలో సున్నపుధాతువు మూడువందల మిల్లీగ్రాములకు పైగా నుండునని పోషకాహారశాస్త్రజ్ఞులు తేల్చినారు. పొలమునకు పోవువారు ఈ లెక్క తెలియకయే త్రాగుచు వచ్చిరి.

తరవాణి మాత్రము మా చేతికి చిక్కలేదు. అన్నము వార్చిన గంజిని, బియ్యము కడిగిన నీటిని ఒక కుండలో పోయుచు పులియనిత్తురు. ఆ పుల్లనినీటిలో రాత్రి అన్నము వేసి, తెల్లవారి పిల్లలకు పెట్టుదురు. వ్రాసినచో ఇంతే. కాని వ్రాసినట్లు చేసినచో తరవాణి రాదు, కుళ్ళిన గంజి వచ్చును. ఒక అవ్వగారు మా మొగములు చూచి జాలిపడి, "కుండ లేకుండా తరవాణి ఎట్టా వస్తుందే? కుండలోనే ఉంటుంది అది" అనిరి. నిజమే. అత్తగారి కుండలోని తేట కోడలి కుండలో పోసినచో, ఆ పులుపుతో పాటు దానిని పులియజేయు జీవమును చేరును. పెరుగునకు తోడువంటిది. కాగితముపై తోడు పెట్టుట యెట్లు? ఆ పుటలో పాళ్ళు వ్రాసి, క్రింద "కుండ గలవారి నడిగి తేట తెచ్చుకొనవలెను" అని చేర్చితిమి. అవ్వగారు ఒక చెంబెడు తేట మాకు పోసి యిచ్చిరి. బస్సులో అది చిందినది. చుట్టుపట్ల కూర్చున్నవారు లేచి వేరుచోట కూర్చుండిరి. మిగిలిన రెండు గుక్కలతో మా యింట కుండ మొదలుపెట్టితిమి. ఇంకను నడచుచున్నది.

ఈ వేసవి మొదట మా నాల్గవ ప్రయత్నపు నన్నారి సీసా పట్టుకొని ఆళ్ళగడ్డ పోయితిమి. నంద్యాల అత్తగారి చెల్లెలు అచ్చట నున్నారు. ఎనుబదియేండ్లు దాటినవి. చూపు మందగించినది గాని నాలుక మందగించలేదు. చల్లని కుండనీటిలో షర్బతు కలిపి, నిమ్మకాయ పిండి, చేతికిచ్చితిమి. ఒక గుక్క త్రాగి కొంతసేపు నోటనే యుంచుకొనిరి. మేము నలుగురము పరీక్షాఫలితములకు వేచిన పిల్లలవలె నిలిచితిమి.

"బాగుండాది," అనిరి. "వాసన మా అక్కదే. షర్బతు మా అక్కది కాదు."

కోడలుగారి మొగము చిన్నబోయినది. "ఏం తక్కువైంది చిన్నత్తా?" అనిరి.

"తక్కువ కాదు, ఎక్కువైంది. ఇంత తీపి చేసేది కాదు మా అక్క. మీరు ఏడాది దాచాలని చేసినారు. ఆమె నెల నెలా చేసుకునేది. చక్కెర ఎంత ఏసినారు?"

అరలీటరునకు కిలో యని చెప్పితిమి. పుస్తకములో నాలుగు సోలలు చక్కెర యని యుండుటయు చెప్పితిమి. ఆమె నవ్విరి. "మా ఇంట్లో చక్కెరంటే కలకండే. పలుకులు పలుకులుగా సోలలో పోసేది. ఆ సోల మా నాయన చేయించింది, అదిగో" అని అలమారు వైపు చేయి చూపిరి. ఇత్తడి సోల, అంచు ఒకచోట సొట్ట. అక్కచెల్లెండ్ర కిద్దరికి తండ్రి చెరియొకటి ఇచ్చెనట. అక్కది ఎటు పోయినదో తెలియదు.

చక్కెరయు కలకండయు రసాయనశాస్త్రమున ఒక్కటేనని మావారు మెల్లగా ననిరి. ఒక్కటే కావచ్చును గాని సోలలో ఒక్కటి కాదు. అచ్చటనే ఆ సొట్టసోలలో చక్కెర పోసి తూచితిమి. కలకండ పోసి తూచితిమి. పలుకుల నడుమ సందులుండుటచే కలకండ తక్కువ తూగినది. రెండు తూకములును వ్రాసికొంటిమి. సోలలో నీరు పోసి దాని కొలతయు తీసికొంటిమి. పుటలో "చక్కెర" అను మాటను కొట్టివేసి "కలకండ, ఆళ్ళగడ్డ సోలతో నాలుగు, నెలకు మించి నిలువ యుంచరాదు" అని వ్రాసితిమి. చిన్నత్తగారు రెండవ గ్లాసు కూడ త్రాగిరి. సన్నని వేళ్ళకై చెప్పియుంచితిమి. వచ్చినంతనే అయిదవ ప్రయత్నము.